నూరు చుట్లకు బెత్తెడు తేడా

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు, చిట్యాల దగ్గర హైవే పక్కనున్న ఒక టిఫిన్ హోటల్లో మల్లికార్జున్‌ని చంపేశారు.

మూడు సెకన్ల పని. హెల్మెట్ తీయని మనిషి ఒకడు కౌంటర్ వైపు పోతూ అతని భుజానికి తగిలాడు. సారీ అని బయటికెళ్లి బైకెక్కాడు. మల్లికార్జున్ మెడ వెనక తడుముకున్నాడు. తర్వాత ప్లేటు మీదికి వాలిపోయాడు. పక్క టేబుల్ వాళ్లు ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలగుత్తి పెట్టారు. అంబులెన్స్ వచ్చేసరికి అతని ప్రాణమే కాదు, ల్యాప్‌టాప్ బ్యాగు, ఫోను కూడా పోయాయి.

చంపినవాళ్లు ఒక్కటి వదిలేశారు. చొక్కా జేబులో మడతపెట్టిన హోటల్ బిల్లు. దాని వెనక బాల్‌పెన్‌తో ఒక లైను: “ఐలేశం సార్, ఎనిమిదో తరగతిలో మీరు నన్ను కొట్టిన తప్పు మళ్ల కనబడ్డది.”

మధ్యాహ్నం ఒకటిన్నరకు ఆ బిల్లు నల్లగొండలో, మూతపడిన జిన్నింగ్ మిల్లు మేడ మీది గదిలో, ఒక టేబుల్ మీద ఉంది. టేబుల్‌కి ఒకవైపు చెన్నయ్య. పేరు బయటికి రాని ఒక కేంద్ర విభాగానికి దక్షిణాది అధిపతి. ఎదుట నాగరాణి. ముప్పై ఆరేళ్లు. దేవరకొండ వైపు గొర్రెలు కాచుకునే ఇంట్లో పుట్టి, పదకొండేళ్లుగా ఈ విభాగంలో ఏజెంటుగా ఉంది. ఆమె ఫైల్లో చెన్నయ్య రెండుసార్లు ‘మాట వినదు’ అని రాశాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలుసని ఆయనకూ తెలుసు.

ఆయన బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో ముగించాడు. రేపు శనివారం పది గంటల నలభై నిమిషాలకు, మేళ్లచెరువు దగ్గర వదిలేసిన ఒక సున్నపురాయి క్వారీలో ‘తూనీగ’ ఆఖరి పరీక్ష. తూనీగ అంటే డ్రోన్ నుంచి విడిచే బాంబు. ఇంజను ఉండదు. రెక్కలు విప్పుకుని, తనకిచ్చిన టార్గెట్ వెతుక్కుంటూ జారిపోతుంది. దాన్ని కొనడానికి మూడు దేశాల అతిథులు వస్తున్నారు. ఆ అమ్మకం ఆగిపోవాలని కోరుకునే ఒక విదేశీ ముఠా ఉంది. విభాగం దానికి పెట్టుకున్న పేరు ‘మెరిడియన్’. చనిపోయిన మల్లికార్జున్, తూనీగ కంట్రోల్ రూమ్‌లో ప్రోగ్రామ్ సరిచూసే ఇంజనీరు. ఎవరికీ చెప్పకుండా పొద్దున క్యాంపు వదిలి హైదరాబాద్ బయల్దేరాడు. దారిలో అయిపోయాడు.

మెరిడియన్‌లో మన మనిషి ఒకడున్నాడని చెన్నయ్య చెప్పాడు. కమలాకర్. వాళ్లకు పనిచేస్తున్నట్టు నటిస్తూ మనకు పనిచేస్తాడు. తూనీగ తయారుచేసే కంపెనీలో గవర్నమెంటుతో పనులు చక్కబెట్టే లియైజన్ ఆఫీసర్ వేషంలో ఉన్నాడు. అతని కబురు ప్రకారం ముఠా ప్లాన్ జామింగ్, అంటే సిగ్నల్ చెడగొట్టడం. అచ్చంపేట అడవిలో ఒక గుట్ట మీద ట్రాన్స్‌మిటర్ పెట్టారు. రేపు అది ఆన్ చేస్తే తూనీగ దారి తప్పుతుంది.

నాగరాణికి కమలాకర్ తెలుసు. మూడేళ్ల కింద ఒక ఆపరేషన్‌లో ఆమె తొడలో బుల్లెట్ దిగింది, అతని ఫైల్లో ప్రశంస దిగింది.

“ఈ బిల్లు సంగతేంది సార్?” అంది.

“సచ్చేముందు బడి యాదికొచ్చింది. అందరికీ వస్తది. నువ్వు అచ్చంపేట పో.”

“అచ్చంపేట నుంచి మేళ్లచెరువుకు నూరు మైళ్లుంటది. అంత దూరంకెళ్లి జామింగా?”

“అది ఇంజనీర్లు చూసుకుంటరు. నువ్వు ఆర్డర్ చూసుకో.”

ఆమె లేచింది. లేస్తూ బిల్లుకు ఫోటో తీసుకుంది. చెన్నయ్య వద్దనలేదు. చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

సాయంత్రం అయిదు గంటలకు ఆమె అచ్చంపేట దాటి అడవి అంచున ఉంది. వేషం, తేనె కొనే కంపెనీ ఏజెంటు. జీపులో తేనె డబ్బాలు, చేతిలో స్ప్రింగు కాటా. కాటా ముల్లు బరువు చూపిస్తుంది. వెనక బటన్ నొక్కితే అదే ముల్లు చుట్టుపక్కల రేడియో సిగ్నల్ ఎంతుందో చూపిస్తుంది.

కమలాకర్ ఒక టీ కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. తెల్ల లినెన్ చొక్కా, నల్ల కళ్లద్దాలు, అడవి గాలిని కూడా కమ్మేసే సెంటు. కొట్టు నడిపే ముసలామె సహా అందరూ అతన్నే చూస్తున్నారు. దాచుకోవాల్సిన ఉద్యోగంలో ఉండి, చూడబుద్ధయ్యేలా తిరగడం అతని పద్ధతి.

“ఈసారి తేనె పలచగా ఉందట,” అన్నాడు. అది కోడ్.

“తప్పు ఈగలది కాదు, వానది,” అంది ఆమె. అది జవాబు.

ఆ తర్వాత అతను మర్యాదలకు దిగాడు. కాలు ఎలా ఉందని అడిగాడు. నీ ప్రశంసాపత్రం ఎలా ఉందని ఆమె అడిగింది. అతను నవ్వి, గుట్ట మీదికి దారి చూపించాడు. కాపలా ఎవరూ లేరని, తను కింద ఉండి కనిపెడతానని చెప్పాడు.

గుట్ట మీద ట్రాన్స్‌మిటర్ ఉన్న మాట నిజమే. రేకుల పెట్టె, దాని మీద మూడు యాంటెనాలు. నాగరాణి కాటా బటన్ నొక్కింది. ముల్లు కదల్లేదు. పెట్టె వెనక నుంచి నల్లటి కేబుల్ ఒకటి పొదల్లోకి పోతోంది. దాన్ని పట్టుకుని లాగితే నాలుగడుగుల్లో చేతికొచ్చేసింది. రెండో కొస దేనికీ తగిలించి లేదు.

ఇది ఆయుధం కాదు. ఎర.

ఆమె కింద పడుకోవడం, మొదటి తూటా పెట్టెను తాకడం ఒకేసారి జరిగాయి. ఇద్దరు. రాళ్ల వెనక నుంచి. ఒకడి మోకాలికి గురిచూసి కాల్చింది, వాడు అరుస్తూ జారిపోయాడు. రెండోవాడి తూటా ఆమె ఎడమ భుజాన్ని చీరుకుంటూ పోయింది. వాడు తుపాకీ మళ్లీ నింపుకునేలోపు ఆమె వాగు వైపు ముళ్లపొదల్లోకి దొర్లింది. వాడు మూడు పొదలు వెతికి నాలుగోదాని దగ్గరికి వచ్చాడు. ఆ నాలుగోదాన్లోంచి కాటా ఇనప కొక్కెం వాడి మొహం మీదికి లేచింది.

జీపు దగ్గరికి చేరేసరికి టీ కొట్టు ముందు కమలాకర్ లేడు.

చెన్నయ్యకు ఫోన్ చేసింది. ఆయన మొదటి రింగుకే ఎత్తాడు. నువ్వు మెరిడియన్‌కు అమ్ముడుపోయినవని, మన ఇద్దరు మనుషుల్ని కాల్చి పారిపోతున్నవని కమలాకర్ పది నిమిషాల కిందే చెప్పాడని అన్నాడు. దగ్గర్లోని స్టేషన్‌లో లొంగిపొమ్మన్నాడు. ఆమె చెప్పింది వినలేదు.

“రేపటి పరీక్ష ఆపుండ్రి సార్. ఒక్కరోజు.”

“నీ మాట మీదనా?” అని ఫోన్ పెట్టేశాడు.

ఆమె భుజానికి గుడ్డ కట్టుకుంది. డ్యాష్‌బోర్డు కింద మీట తిప్పితే జీపు నంబరు ప్లేటు తిరగబడి ఇంకో నంబరు వచ్చింది. చేతిలో మిగిలింది చచ్చిపోయినవాడు రాసిన ఒక్క లైను.

ఐలేశం సార్ ఎవరో కనుక్కోవడానికి మల్లికార్జున్ చదివిన జిల్లా పరిషత్ బడి పేరు చాలు. శనివారం పొద్దున ఏడుంబావుకు ఆమె మునుగోడు దారిలోని ఒక ఊళ్లో ఆయన వాకిట్లో ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి. ఊరి ఫ్లోరిన్ నీళ్లకు మోకాళ్లు బిగుసుకుపోయి, కుర్చీలో కాళ్లు చాపి కూర్చున్నాడు. గవర్నమెంటు మనిషినని చెప్పగానే ఆయన మొహం మాడిపోయింది. నీళ్లు చూస్తామని ఒకళ్లు, ఎముకలు చూస్తామని ఒకళ్లు వచ్చి ఫోటోలు తీసుకుని పోయారని, నువ్వేం చూడనీకి వచ్చినవని అడిగాడు.

ఆమె ఫోన్లో బిల్లు ఫోటో చూపించింది. ఆయన రెండుసార్లు చదివాడు. అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఎట్ల సచ్చిండు?”

చెప్పింది.

“మీరే సంపిండ్రా?”

“లేదు సార్. మేం కాపాడలే.”

“రెండిట్ల పెద్ద ఫరకేం లేదు.” అద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత, ముప్పై నాలుగేళ్లు పిల్లల్ని కొట్టానని, ఏ దెబ్బ దేనికో ఎట్లా గుర్తుంటుందని అన్నాడు. పేరు చెప్పి కబురు పెట్టినవాడు దేనికి పెట్టాడో తనకు తెలియకపోవడం ఆయనను కోస్తోంది. ఆ కోపం ఎదురుగా ఉన్న మనిషి మీదికి మళ్లింది.

“వాడు చేసే పనేంది? లెక్కలేనా? నీకు లెక్కలొస్తయా? వాకిట్ల నిలబడి సార్ సార్ అంటున్నవు. పై అంటే ఎంత?”

నాగరాణి బడిలో నేర్చుకున్నదే చెప్పింది. “ఇరవై రెండు బై ఏడు.”

“బయటికి నడు,” అన్నాడు ఐలేశం. అంటూనే ఆగిపోయాడు. లేపిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

“గిదే. వాడు గూడ గిట్లనే అన్నడు. గిదే తప్పుకు కొట్టిన.”

ఎనిమిదో తరగతి మల్లికార్జున్ ఆ రోజు వెనక్కి తగ్గలేదట. పుస్తకంలో ఇరవై రెండు బై ఏడు అనే ఉంది కదా సార్ అని వాదించాడట. ఐలేశం కొట్టాడు. కొట్టాక మనసొప్పక ఒక సైకిల్ చక్రం తెప్పించాడు. అడ్డకొలత డెబ్బై సెంటీమీటర్లు. నూరు చుట్లు తిరిగితే నీ లెక్కన రెండు వందల ఇరవై మీటర్లు పోవాలె, పోనియ్యి అన్నాడు. సున్నంతో గీత గీసి, రోజంతా మళ్లీ మళ్లీ దొర్లించారు. ఎన్నిసార్లు చేసినా చక్రం గీతకు బెత్తెడు, అంటే నాలుగు వేళ్లంత, ఇవతలే ఆగింది.

“ఇరవై రెండు బై ఏడు పై కాదు బిడ్డ. పైకి పక్కింటాయన. పరీక్షల సులువైతదని మేమే పోరగాండ్లకు అంటగట్టినం. అసలు పైకి అంకెలు ఒడువయి, ఎంత రాసినా అయిపోవు. ఒక్క వరుసన మళ్ల మళ్ల రావు. భూమి గుండ్రంగున్నది. గుండ్రంగున్నదాని మీద ఎంత దూరం పోవాల్నన్నా ఆ అంకె మీదికెల్లే పోవాలె. నూరు చుట్లకు బెత్తెడు తప్పితే, దేశమంత దూరానికి ఎంత తప్పుతదో లెక్క జేస్కో.”

బ్రీఫింగ్ ఫైల్లో చదివిన లెక్క నాగరాణికి అప్పుడు అర్థమైంది. రహస్యం అనదగ్గదంతా ఆ వాకిట్లో చెప్పేసింది. తూనీగకు టార్గెట్ డిగ్రీల్లో ఇస్తారు. కింద క్యాంపులో ఉన్న కంప్యూటర్ ఆ డిగ్రీలను పైతో గుణించి ఎంత దూరమో తేల్చి తూనీగకు పంపుతుంది. ఆకాశంలో తూనీగ తనెక్కడుందో తన సొంత పైతో లెక్కగట్టుకుంటుంది. రెండు చోట్లా ఒకే పై ఉంటే తప్పు లేదు. ఎవరో కింది కంప్యూటర్లో ఒక్క లైను మార్చారు. మల్లికార్జున్ దాన్ని చూశాడు.

ఐలేశం సుద్దముక్క అడిగి, కుర్చీలోంచి వంగి గచ్చు మీద లెక్క మొదలుపెట్టాడు. ఇరవై రెండు బై ఏడు అసలు పై కన్నా పదివేలకు నాలుగు పాళ్లు ఎక్కువ. క్వారీ ఉన్నది తూర్పు రేఖాంశం డెబ్బై తొమ్మిది పాయింట్ తొమ్మిది మూడు. దాని మీద పదివేలకు నాలుగు పాళ్లు. ఇక్కడ డిగ్రీకి నూట ఆరు కిలోమీటర్లు. అక్షాంశానికీ అట్లాగే కట్టాడు. అయిదు నిమిషాల్లో తేలింది. బాంబు క్వారీకి తూర్పున దాదాపు మూడున్నర కిలోమీటర్లు, ఉత్తరాన ముప్పావు కిలోమీటరు అవతల పడుతుంది.

ఆమె ఫోన్లో మ్యాపు తెరిచి అక్కడ వేలు పెట్టింది. ఖాళీ మైదానంలా ఉంది. ఐలేశం వంగి చూశాడు.

“గది జీవాల అంగడి జాగ. మా తమ్ముడు గొర్లు కొననీకి ఆడికే పోతడు. ఇయ్యాల శనివారం. పది గంటలకెల్లా రెండు వేల మందుంటరు.”

ఆయన 100కి ఫోన్ చేశాడు. పై విలువ తప్పుగా ఉన్నది, అంగడి ఖాళీ చేయించుండ్రని చెప్పాడు. అవతలివాళ్లు నవ్వి పెట్టేశారు. తమ్ముడికి చేశాడు. ఆ అంగట్లో సిగ్నల్ ఉండదు. అప్పటికి నాగరాణి జీపు ఊరు దాటింది.

పది గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు మేళ్లచెరువు క్యాంపు గేటు దగ్గర ఆమె ఫోటో పట్టుకుని ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు. వెనకవైపు వంటల టెంటు దగ్గర ఎవరూ లేరు. దండెం మీది చీర చుట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని, పెద్ద టీ ఫ్లాస్కు, కప్పుల ట్రే ఎత్తుకుని ఆమె కంట్రోల్ రూమ్ వైపు నడిచింది. భుజం నుంచి రక్తం మళ్లీ కారుతోంది. ట్రే దాన్ని దాచింది.

కంట్రోల్ రూమ్ ఒక పొడవాటి కంటైనర్. లోపల నలుగురు. చెన్నయ్య, కమలాకర్, ఒక సెంట్రీ, కీబోర్డు ముందు అక్షిత. మల్లికార్జున్ కింద పనిచేసిన ఇరవై ఆరేళ్ల ఇంజనీరు. అతను గుండెపోటుతో పోయాడని ఆమెకు చెప్పారు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి.

గోడ మీది గడియారం పది నలభై రెండు చూపిస్తోంది. డ్రోన్ తూనీగను అప్పుడే విడిచిపెట్టింది. స్క్రీన్ మీద అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. నూట యాభై సెకన్లు.

నాగరాణి కొంగు తీసింది.

చెన్నయ్య, సెంట్రీ ఒకేసారి తుపాకులెత్తారు. ఆమె వాళ్ల వైపు చూడలేదు. “అక్షితా, నీ ప్రోగ్రామ్‌ను పై ఎంతో అడుగు.”

“కాల్చండి సార్. టైమ్ గడపడానికి నాటకమాడుతోంది,” అన్నాడు కమలాకర్. గొంతు తొణకలేదు.

“మల్లికార్జున్‌ది మామూలు చావు కాదు,” అంది నాగరాణి. “సూది. ఆ తప్పు చూసిండని చంపిండ్రు. అడుగు.”

నూట పది సెకన్లు. అక్షిత ఒక లైను కొట్టింది. స్క్రీన్ మీద 3.142857 అని వచ్చింది.

చెన్నయ్య దాన్ని చూశాడు. “కరెక్టే గదా. మూడు పాయింట్ ఒకటి నాలుగు.”

“కాదు సార్,” అంది అక్షిత. స్క్రీన్ మీద వేలు పెట్టింది. “పాయింట్ తర్వాత మూడో అంకె నుంచే వేరే. ఇది ఇరవై రెండు బై ఏడు. మా ప్రోగ్రామ్‌లో ఇది లేదు. ఎవరో పెట్టారు.”

ఎవరో అన్న మాట పూర్తికాకముందే కమలాకర్ చెయ్యి నడుము దగ్గరికి పోయింది. పిస్తోలు బయటికి వచ్చింది కానీ గురి నాగరాణి మీద లేదు, కీబోర్డు మీద ఉంది. ఆమె ఫ్లాస్కు మూత లాగి మరిగే టీ మొత్తం అతని మొహాన కొట్టింది. తూటా కంటైనర్ పైకప్పులోంచి పోయింది. ఇద్దరూ కింద పడ్డారు. అతను ఆమె గాయపడ్డ భుజంలో వేళ్లు దిగేసి మెలితిప్పాడు. ఆమె కళ్లకు చీకటి కమ్మింది. అయినా అతని మణికట్టు వదల్లేదు. ట్రేకేసి కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. అప్పటిదాకా ఎవరివైపు గురిపెట్టాలో తేల్చుకోలేక నిలబడ్డ సెంట్రీకి, పిస్తోలు కాలితో తన్నెయ్యాలని అప్పుడు తోచింది.

“అరవై అయిదు,” అంది అక్షిత తనలో తనే. ఆఖరి నలభై సెకన్లలో తూనీగ ఎవరి మాటా వినదు. అక్షిత పాత అంకె తీసేసింది. 3.14 అని కొట్టి, తర్వాతి అంకె తప్పు పడి చెరిపింది. మళ్లీ కొట్టింది. 3.14159265. కంప్యూటర్ టార్గెట్ మళ్లీ లెక్కగట్టింది. పంపాలంటే అధికారి పాస్‌వర్డ్ కావాలంది.

నలభై తొమ్మిది.

చెన్నయ్య కదల్లేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన ఒకరి మాట నమ్మి సంతకం పెట్టింది లేదు. కింద పడి ఉన్న కమలాకర్‌ను చూశాడు, అతని మీద మోకాలు పెట్టి రక్తం కారుతున్న నాగరాణిని చూశాడు.

“సార్, రెండు వేల మంది,” అంది ఆమె. “నన్ను తర్వాత జైల్ల పెట్టుకో.”

ఆయన వంగి ఒంటి వేలితో తొమ్మిది అక్షరాలు కొట్టాడు. ఒక్కొక్కటీ వెతుక్కుంటూ. అక్షిత ఆయన చెయ్యి తోసేసి బటన్ నొక్కింది. నలభై ఒకటి. స్క్రీన్ ఒక్క క్షణం ఖాళీ అయింది. తర్వాత పచ్చటి అక్షరాల్లో, టార్గెట్ అందిందని తూనీగ నుంచి జవాబు వచ్చింది.

అంగడి మీద ఆకాశంలో ఒక బూడిద రంగు ముక్క పెద్ద చప్పుడుతో పక్కకు ఒరిగి, పడమరకు తిరిగింది. ముప్పై సెకన్ల తర్వాత క్వారీ నడుమ తెల్లటి సున్నపు దుమ్ము ఆకాశమంత ఎత్తు లేచింది. టెంటులో అతిథులు చప్పట్లు కొట్టారు. దారిలో ఆ మలుపు చూపించడం ప్రదర్శనలో భాగమే అనుకుని, అలా చివర్లో తిరగగల బాంబు కావాలని అక్కడికక్కడే అడిగారు.

చెన్నయ్య నాగరాణికి సారీ చెప్పలేదు. అంబులెన్స్ దాకా వచ్చి, ఫైల్లో ‘మాట వినదు’ అన్నది కొట్టేస్తానన్నాడు. ఉంచండి సార్, నిజమే గదా అందామె. కమలాకర్‌ను తీసుకుపోతుంటే, మొహం కాలి బొబ్బలెక్కినా అతను జుట్టు సరిచేసుకోవాలని చూశాడు. ఒక చేతికే వీలైంది. ఐలేశంకు ఫోన్ చేసి చెబితే, ఆయన ముందు తమ్ముడి గురించి అడిగాడు. బతికే ఉన్నాడని తెలిశాక, మల్లికార్జున్ ఇంటి అడ్రసు అడిగి పెట్టేశాడు.

పత్రికలకు ఇచ్చిన నోట్‌లో పరీక్ష పూర్తిగా విజయవంతం, ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు అని రాశారు. అది పూర్తి నిజం కాదు. ఆ చప్పుడుకు బెదిరి అంగట్లో ఒక పొట్టేలు తాడు తెంపుకుని పారిపోయింది. సాయంత్రం దాకా ఎండలో దాని వెనక పరుగెత్తిన ఆసామి, జీవాల మీదికెల్లి విమానాలు తోలే గవర్నమెంటును ఇప్పటికీ తిడుతూనే ఉన్నాడు.